మేకు పట్టేవాడి కళ్ళు

మా పెళ్ళినాటికి మా ఆయనకు రెండే ఆస్తులు. ఒకటి మునగాల నుంచి కోదాడకు పోయే దారిలో చెరువు కింద ఉన్న కాస్త పొలం. రెండోది మూరెడు పొడవున్న తుమ్మకర్ర మేకు. పొలం సంగతి ఎవరైనా అడిగితే ఒక్క ముక్కలో తేల్చేసేవాడు. మేకు సంగతి అడిగితే మాత్రం అడిగినవాళ్ళకు పీట వేసి, మంచినీళ్ళు ఇచ్చి మరీ మొదలుపెట్టేవాడు. నేను కాపురానికి వచ్చిన వారంలోనే నాకూ పీట వేశాడు. కూర పొయ్యి మీద ఉందన్నా వినలేదు. అప్పుడు నేను విన్నదే ముందు మీకూ చెబుతాను, లేకపోతే తర్వాతి సంగతి అర్థం కాదు.

ఆ మేకు బండలాగుడు పందేలది. కోతలు, నూర్పిళ్ళు అయిపోయి ఎడ్లకు పని లేని ఎండాకాలంలో మా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు పందేలు పెట్టుకునేవాళ్ళు. మంచమంత పొడవున్న బండరాయికి గొలుసు వేసి ఎడ్ల కాడికి కడతారు. ఒక పెద్దమనిషి నీళ్ళ గంగాళం ముందు కూర్చుని, అడుగున సన్నని చిల్లు ఉన్న రాగిగిన్నెను నీళ్ళ మీద వదులుతాడు. ఆ గిన్నెలోకి నీళ్ళెక్కి అది మునిగేలోపు ఏ జత బండను ఎంత దూరం లాగితే అంత. గిన్నె మునగగానే డప్పు మీద ఒక్క దెబ్బ పడుతుంది. ఆ దెబ్బ పడినప్పుడు బండ ముందంచు ఎక్కడుందో సరిగ్గా అక్కడ మేకు దిగాలి. ఎడ్లకు డప్పు సంగతి ఏం తెలుసు, అవి ఇంకో నాలుగడుగులు పోయాకే ఆగుతాయి. అందుకని మేకు పట్టే మనిషి బండ పక్కనే నడుం వంచి, మొహం మోకాళ్ళ ఎత్తున పెట్టుకుని, బండ అంచు మీది నుంచి చూపు మరల్చకుండా పరిగెత్తాలి. ఆయన మేకు ఎక్కడ కొడితే అదే తీర్పు, దాని మీద ఇంకో మాట ఉండదు.

ఆ పని మా మామ చేసేవాడట. మామ పోయాక ఊళ్ళవాళ్ళు వచ్చి ఆ మేకును కొడుకు చేతిలో పెట్టారు. దానివల్ల వచ్చేది ఒక తలరుమాలు, పందెం రోజున ఒక పూట భోజనం. అయినా దాన్ని పట్టుకుని నడుస్తుంటే మా ఆయన మెడ రెండంగుళాలు పొడవయ్యేది. చెడ్డ అలవాట్లేమీ లేని మనిషికి ఆమాత్రం గర్వం ఉంటే ఉందిలే అనుకునేదాన్ని.

ఇక కళ్ళ సంగతి. రెండు ఎడ్లకు ఎనిమిది గిట్టలు. వాటి వెనక నేలను గీరుకుంటూ వచ్చే బండ. మొహం మోకాళ్ళ ఎత్తున. ఎంత మన్ను లేస్తుందో, అది ఎక్కడికి పోతుందో మీరే ఊహించుకోండి.

మా పెళ్ళి నవాబు సర్కారు పోయిన తర్వాత వచ్చిన చలికాలంలో జరిగింది. అంతకు ముందు రెండేళ్ళు దారిన పోయే మనిషిని చూసినా గుండె దడదడలాడే రోజులు. పందేలు లేవు, అంగళ్ళు అంతంతమాత్రం. ఎడ్లు కొట్టాల్లోనే ఉండి బలిశాయి, మగవాళ్ళు అరుగుల మీద కూర్చుని చిక్కారు. అందుకే శివరాత్రి వెళ్ళగానే సూర్యాపేటలో పందెం అనేసరికి చుట్టూ ఊళ్ళన్నీ అటే కదిలాయి. మా ఆయన రెండు రోజుల ముందే మేకుకు నూనె రాసి పెట్టుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పటికి ఎడమ కన్ను వాచి, రెప్పలు రెండూ అతుక్కుని ఉన్నాయి. కుడి కంటితో దారి చూసుకుంటూ వచ్చాడు. నేను కంగారుపడి నీళ్ళు తెచ్చేలోపు మా అత్త చేయి కడుక్కుని, నోరు పుక్కిలించి వచ్చింది. మా అత్త నాలుక ఊరందరికీ ఎరుకే. దానితో ఎవరినైనా ఏడిపించగలదు, ఎవరి కంట్లో నలుసునైనా తీయగలదు. కొడుకును అరుగు మీద వెల్లకిలా పడుకోబెట్టి, బొటనవేలితో రెప్ప పైకెత్తి, నాలుక చివరతో గుడ్డు మీద ఇటు నుంచి అటు ఒక్కసారి తడిమింది. నలుసును అరచేతిలో ఉమ్మి నాకు చూపించింది.

"చూడు పిల్లా, ఎంత రాయో. సూర్యాపేట మన్నంతా నీ మొగుడే మోసుకొచ్చిండు," అంది.

కంటి మీద నందివర్ధనం పూలు పెట్టి గుడ్డ కట్టి, ఆమె పాలు పితకడానికి పోయింది. నేను విసనకర్ర పట్టుకుని పక్కన కూర్చున్నాను. నొప్పి తగ్గినా మనిషి మూలుగుతూనే ఉన్నాడు.

"ఇంక నొస్తున్నదా?" అని అడిగాను.

"కన్ను కాదు. చివరి జత మునగాల ముసలాయనది. డప్పు మోగినప్పుడు నాకు బండ కనపడలె. కళ్ళు రెండు మూసుకుపోయినయి. అందాజుగ కొట్టిన."

"అయితే ఏమైంది?"

"జానెడు తక్కువైంది. ముసలాయన ఓడిపోయిండు."

"ఎవరన్న సూసిండ్రా?"

"ఎవరు సూడకుంటే ఏంది? నేను బండను సూడలేదని నాకెరుకే గద."

ఆ మునగాల ముసలాయన భార్య పోయిన మనిషట, పిల్లలు లేరు. ఆ రెండు తెల్లటి ఎడ్లే ఇల్లూ వాకిలీనట. అలాంటి మనిషి జానెడు నేల తక్కువై ఓడిపోయాడు, ఆ జానెడు నిజమో కాదో మేకు కొట్టినవాడికే తెలియదు. మా ఆయన గోడవైపు తిరిగి, "ఇంకొక్క లాగుడు గిట్ల సూడకుంట కొట్టిననుకో, ఇగ మేకు గాడనే కింద పెట్టి వస్త," అన్నాడు.

నిజం చెప్పాలంటే అంతవరకు నాకు మొగుడంటే మొగుడు, అంతే. పెద్దవాళ్ళు కట్టబెట్టారు, వండిపెడుతున్నాను. కంటికి గుడ్డ కట్టుకుని, ఎవరూ అడగని తప్పును తనంతట తానే చెప్పుకుని కుములుతున్న ఆ మనిషి మీద నాకు మొదటిసారి ప్రేమ పుట్టింది. ఆ మేకు ఆయన చేతిలోనే ఉండాలి, ఆయన కళ్ళలో మన్ను పడకూడదు అని ఆ సాయంత్రమే గట్టిగా అనుకున్నాను. ఎలాగో మాత్రం తెలియదు.

మొదట నాకు తోచింది ఆముదం. కనురెప్పలకు, కనుబొమలకు చిక్కగా ఆముదం పూస్తే మన్ను అక్కడే అంటుకుని లోపలికి పోదని నా తెలివి. పొలంలో మా ఎడ్లకు బరువైన దుంగ కట్టి, మన్ను రేపి, పక్కన పరిగెత్తించి చూశాం. మన్ను అంటుకున్న మాట నిజమే. కాసేపటికి ఆముదం కరిగి, ఆ మన్నుతో సహా కళ్ళలోకే దిగింది. మా అత్త నాలుకకు ఆ రోజు ఆముదం రుచి కూడా తగిలింది. ఆమె నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

తర్వాత పలచటి మల్లుగుడ్డ. మొహానికి కట్టుకుంటే ఎదురుగా ఉన్న గేదె కనబడింది కానీ దాని కొమ్ములు కనబడలేదు. అలాంటి చూపుతో బండ అంచు ఏం చూస్తాడు?

మా మేనమామ ఒకాయన సూర్యాపేటలో ఉండి బెజవాడకు లారీ తోలేవాడు. ముందు అద్దం పగిలిపోయిన లారీ అది. అందుకని కళ్ళకు గుండ్రటి అద్దాలు, చుట్టూ తోలు, తల వెనక్కి పట్టీ ఉన్న మోటారు కళ్ళద్దాలు పెట్టుకునేవాడు. పుట్టింటికి పోయే వంకతో దారిలో ఆయన ఇంట్లో దిగి, కాళ్ళావేళ్ళా పడి ఆ అద్దాలు పట్టుకొచ్చాను. మా ఆయన అవి పెట్టుకుని కొట్టంలోకి పోతే ఆ పూట మా గేదె పాలు చేపలేదు. మా అత్త మాత్రం నవ్వి నవ్వి కడుపు పట్టుకుని కూలబడింది. మన్ను మీద మాత్రం అద్దాలు గెలిచాయి. పొలంలో ఎంత దుమ్ము రేపినా కంట్లో నలుసు పడలేదు. నేను పెద్ద రాజ్యం గెలిచినట్టు రెండు రోజులు నేల మీద నడవలేదు.

ఉగాది వెళ్ళిన వారానికి మిర్యాలగూడ పందెం. నా అద్దాల వైభవం చూడాలని నేనూ బండి ఎక్కాను. ఆడవాళ్ళం బండ్ల మీదే కూర్చుని చూడాలి, బరిలోకి రాకూడదు. మా ఆయన అద్దాలు పెట్టుకుని, మేకు పట్టుకుని బరిలోకి దిగగానే పిల్లలు కేకలు వేశారు. ఎడ్లను తోలుకొచ్చిన ఆసాములు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వాళ్ళలోంచి సన్నగా, పొడుగ్గా ఉన్న ఒక ముసలాయన ముందుకు వచ్చాడు. మునగాల ఆయనే అని పక్క బండిలో ఆవిడ చెప్పింది.

"గా అద్దాలు తియ్యి కొడుకా," అన్నాడు.

"మన్ను పడకుంట పెట్టుకున్న పెద్దయ్యా."

"మన్ను సంగతి నాకెరుకే. నీ కళ్ళు నాకు కనపడాలె. ఎడ్లెంబడి ఉరుకుకుంటనే నడుమ నడుమ నీ కళ్ళు సూస్తం మేము. గవి బండ మీదున్నయా లేవా అని. గీ అద్దాలల్ల సూస్తే నాకు నా మొఖమే కనపడుతున్నది."

అదీ నిజమే అని తక్కిన ఆసాములు అన్నారు. తీర్పు చెప్పే మనిషి కళ్ళు అందరికీ కనబడాలనేది తాతల నాటి నుంచి ఉన్న కట్టుబాటట. మా ఆయన అద్దాలు తీసి నా ఒళ్ళో పడేసి పోయాడు. ఆ ముసలాయన మొహం వైపు కన్నెత్తి కూడా చూడలేదు. నాకైతే ఒళ్ళు మండిపోయింది. జానెడు నేలకు ఓడిపోయి, ఆ కసి మా మీద తీర్చుకుంటున్నాడనుకున్నాను. ఆ రోజు గాలి ఆయన పక్క నుంచి వీచి మన్నంతా ఆవలి వైపుకు కొట్టుకుపోబట్టి బతికిపోయాం. లేకపోతే మేకు మిర్యాలగూడలోనే కింద పెట్టి వచ్చేవాడు.

మిగిలింది కోదాడ పందెం. మృగశిర కార్తె లోపల, వానలు పడకముందే ఎర్రటి ఎండల్లో జరిగేది. మా వైపు అన్నిటికన్నా పెద్ద పందెం అదే, అన్నిటికన్నా ఎక్కువ దుమ్ము లేచేదీ అక్కడే. పందెం దగ్గర పడేకొద్దీ మా ఆయనకు తిండి తగ్గింది. ఉత్తపుణ్యానికి కళ్ళు నలుపుకునేవాడు. మేకుకు ఆసారి నూనె కూడా రాయలేదు.

ఒక రోజు పొద్దున వాకిట్లో కళ్ళాపి చల్లి నిలబడ్డాను. మా పుట్టింట్లో దాన్ని సాంపి అంటాం, పేరేదైనా పేడనీళ్ళు చల్లడమే. పక్కింటివాళ్ళ దూడ తాడు తెంపుకుని వాకిలి మీదుగా దూకుతూ పోయింది. దాని కాళ్ళ కింద పిసరంత దుమ్ము లేవలేదు. నాకు నా మొహాన నేనే కొట్టుకోవాలనిపించింది. రోజూ పొద్దున్నే చేసే పని! మూడు నెలల నుంచి ఆయన కళ్ళకు ఏం కట్టాలా అని ఆలోచించానే కానీ, కింద నేలను తడిపితే పోతుందని తట్టలేదు.

మా ఆయన వెంటనే కోదాడ పోయి పెద్దమనుషులతో చెప్పాడు. వాళ్ళు ఒక పూటంతా వాదించుకున్నారట. తడి నేల మీద బండ అంటుకుంటుందని కొందరు, కాదు జారుతుందని కొందరు. చివరికి డప్పు మోగే వేళకు జతలు దాదాపు చేరుకునే చోట మాత్రమే తడపాలని, ప్రతి జతకూ ముందు ఒకే లెక్కన కుండల నీళ్ళు చల్లాలని ఒప్పుకున్నారు. అయితే నీళ్ళు ఎవరు చల్లాలి? వాకిలి చల్లే పని మగవాళ్ళు చేస్తారా, పరువు పోదూ! అలా కోదాడ బరిలోకి మొదటిసారి ఆడవాళ్ళం దిగాం. నేను, మా అత్త, మా ఊరివాళ్ళు ఇంకో నలుగురు. పక్కనే ఉన్న బావి నుంచి కుండలు నింపుకుని సిద్ధంగా ఉన్నాం.

మొదటి జత కోదాడ పెద్ద ఆసామిది. జత రాకముందే చల్లి పెట్టాం. దుమ్ము లేవలేదు, మా ఆయన కళ్ళు విప్పార్చుకుని పరిగెత్తి మేకు కొట్టాడు. నా గుండె కుదుటపడింది. ఆ ఊపులో, బండ విప్పి ఆ ఎడ్లను బయటికి తోలుకుపోతుంటే, రెండో జత కోసమని నేను కుండ ఎత్తుకుని వాటి వెనకే నీళ్ళు చల్లుకుంటూ నడిచాను.

ఆ ఆసామి గిరుక్కున వెనక్కి తిరిగాడు.

"ఏంటమ్మా నువ్వు చేసే పని? నా ఎడ్లు కదలగానే వెనకాల నీళ్ళు చల్లుతున్నావే! ఇక్కడి నుంచి శవం లేచిందా?" అని అరిచాడు.

నేను కుండ కింద పెట్టేశాను. మా పుట్టింట్లో గొర్రెల మంద పొద్దున్నే దొడ్డి దాటగానే, వెనకాలే ఊడ్చి నీళ్ళు చల్లడం రోజూ చేసే పని. మంద పోయాక కాక ఎప్పుడు చల్లుతాం, గొర్రెలు లోపల ఉండగానా? పుట్టినప్పటి నుంచి అదే చేసిన చెయ్యి, అదే చేసింది. ఎడ్లు ఉన్న ఇళ్ళలో మనిషైనా ఎద్దైనా గడప దాటగానే వెనక నీళ్ళు చల్లరని, పీనుగ లేచిన ఇంట్లోనే అలా చేస్తారని నాకు తెలుసు. తెలిసీ ఆ క్షణంలో గుర్తుకు రాలేదు. మా ఎడ్లకు ఏమన్నా అయితే ఎవడిది పూచీ అని ఆసామి కేకలు. తక్కినవాళ్ళు కూడా తమ ఎడ్ల పగ్గాలు పట్టి వెనక్కి లాగారు. ఒకరిద్దరు మా ఆయన చేతిలోని మేకు వైపు చూశారు. ఆయన కళ్ళను కాపాడబోయి నేనే ఆయన మేకు ఊడగొట్టానని నాకు ఏడుపొచ్చింది.

మా అత్త మాత్రం కొంగు నడుముకు దోపి, నిండు కుండ చంకన పెట్టుకుని ఆసామి ఎదుటికి నడిచింది.

"అరవకు నాయనా. గొర్లోళ్ళ పిల్ల, మందెనక చల్లినట్టు చల్లింది. నీ ఎడ్లను ఇట్ల మళ్ళించుకరా. ఎదురునీళ్ళు పోస్త. అమ్మవారి బోనానికి పోసినట్టు పోస్త. వచ్చిన కీడు పోతది, ఇంత పుణ్యం కూడ వస్తది," అంది.

ఆసామి ఎడ్లను తిప్పి తెచ్చాడు. మా అత్త వాటి ఎదురుగా నిలబడి, గిట్టల ముందు కుండ మొత్తం వారబోసి, ఎడ్ల మొహాలకు దండం పెట్టింది. ఆయన మొహం విచ్చుకుంది. రెండో జత యజమాని వెంటనే, "మరి మా ఎడ్లకు?" అన్నాడు. ఇంకేం కావాలి! జతలన్నీ బరిలోకి వచ్చేది ఆ చివర నుంచే, మేము తడపాల్సిన చోటు దాటుకునే. వస్తున్న ప్రతి జతకూ ఎదురెళ్ళి అన్నే కుండలు వారబోశాం. అవే నీళ్ళు, అదే నేల. వెనక చల్లితే పీనుగ, ఎదురు పోస్తే పండగ. ఆసాములు మీసాలు దువ్వుకుంటూ వచ్చారు. వంగి పరిగెత్తుతున్న మా ఆయన కళ్ళు ప్రతిసారీ తెల్లగా, పెద్దగా నాకు అంత దూరం నుంచి కూడా కనబడ్డాయి. కడుపు నిండా అన్నం తిన్నట్టు అనిపించింది.

చివరి నుంచి రెండోది మునగాల ముసలాయన జత. ఒళ్ళు మండుతూనే ఆయన ఎడ్లకూ నీళ్ళు పోశాను. ఎడ్లు మంచివే కానీ ఎడమ వైపుది ముసలిది, సగం దూరంలోనే రొప్పు వచ్చింది. డప్పు మోగింది. మా ఆయన మేకు దించాడు. ఈసారి జానెడు, బెత్తెడు కాదు, రెండు బారలు తక్కువ. ఎవరికీ అనుమానం లేని ఓటమి అది. ముసలాయన ఎడ్ల మెడలు నిమురుకుంటూ చెట్టు కిందికి తోలుకుపోయాడు.

పందెం అయ్యాక మా ఆయన నేరుగా ఆయన దగ్గరికి పోయాడు. వద్దని సైగ చేశాను, చూడలేదు. నేనూ వెనకాలే పోయాను.

"పెద్దయ్యా, నీకొక మాట చెప్పాలె. సూర్యాపేటల నీ జత లాగినప్పుడు నా కళ్ళు మూసుకుపోయినయి. నేను బండను సూడలె. అందాజుగ కొట్టిన. నీకు అన్యాయం జరిగింది," అన్నాడు.

ముసలాయన చేతిలోని గడ్డి కింద పెట్టాడు.

"నాకెరుకే," అన్నాడు. "డప్పు మోగినప్పుడు నేను బండ పక్కనే ఉన్న. నీ కళ్ళు మూతబడ్డయి. నువ్వు మేకు కొట్టినవు. అప్పటికి బండ ఇంక అంత దూరం రానే లేదు. మేకు దిగినంక వచ్చి దానికి తాకింది."

మా ఆయనకు అర్థం కాలేదు. నాకూ కాలేదు.

"అంటే నువ్వు నాకు ఎక్కువిచ్చినవు కొడుకా. రెండు జానలు ఎక్కువే. అయినా ఓడిపోయిన. ఓడినోడు, నేను నిజానికి ఇంక ఎక్కువనే ఓడిన అని చెప్పుకుంటడా? నోరు మూసుకుని ఇంటికి పోయిన. పోయినంక మనసున పట్టలె. మళ్ళ నీ కళ్ళు మూతబడితే ఈసారన్న చెప్పాలె అనుకున్న. అందుకే మిర్యాలగూడల గా అద్దాలు తీయించిన."

మూడు నెలలు! ఈయన ఇక్కడ అన్నం మానేసి, ఆయన అక్కడ నిద్ర మానేసి. నేనేమో ఆయన్ని మనసులో ఎన్ని తిట్లు తిట్టానో. సిగ్గుతో నా మొహం కొంగులో దాచుకున్నాను.

అంతటితో ఊరుకోవచ్చు. మా ఆయన ఊరుకోలేదు. ముసలాయనను వెంటబెట్టుకుని గంగాళం దగ్గరికి పోయి, మేకు కింద పెట్టి, సూర్యాపేట సంగతి అందరికీ వినబడేలా చెప్పాడు. తన మాట కూడా ముసలాయన దాచలేదు. నేను మా అత్త చెయ్యి పట్టుకున్నాను. పొద్దున నా మీద అరిచిన కోదాడ ఆసామే వంగి మేకు తీసి, మన్ను దులిపి, మా ఆయనకు ఇచ్చాడు.

"ఈసారి కన్ను మూతపడితే చెయ్యెత్తయ్యా. గిన్నె మళ్ళీ వదులుదాం. ఎడ్లు ఇంకోసారి లాగితే చచ్చిపోవులే," అన్నాడు.

తక్కినవాళ్ళు సరే అన్నారు. మా ఆయన మేకు రెండు చేతులతో అందుకున్నాడు. ఆ తర్వాత ఏమన్నాడో నాకు వినబడలేదు, నేనే గట్టిగా ఏడుస్తున్నాను కాబట్టి.

పొద్దు వాలకముందే బండ్లు కట్టాం. మా ఆయన బండి ఎక్కిన కాసేపటికే మేకు గుండెల మీద పెట్టుకుని, నోరు తెరుచుకుని నిద్రపోయాడు. మా అత్త తమలపాకులు నములుతూ ఓ పక్కన కూర్చుంది. పగ్గాలు నేను పట్టుకున్నాను. మా ముందు మునగాల ముసలాయన బండి పోతోంది. ఆయన దారీ మా దారీ ఒకటే. అది లేపే దుమ్ము తెరలు తెరలుగా మా బండి మీదికి వస్తుంటే, నిద్రపోతున్న ఆయన మొహం మీద నా కొంగు కప్పబోయాను.

అంతలో ముసలాయన వెనక్కి తిరిగి చూశాడు. బండిని దారి పక్కకు తీసి ఆపాడు. ముందు పొమ్మని చేత్తో సైగ చేశాడు. నేను మా బండిని ముందుకు తోలాను. కాస్త దూరం పోయాక తిరిగి చూస్తే, ఆయన మా వెనకాలే, మా చక్రాలు లేపిన దుమ్ములో, కళ్ళు చికిలించుకుంటూ వస్తున్నాడు. మా ఊరి మలుపు దాకా ఎడ్లను అదిలించకుండా మెల్లగా నడిపించాను.